నీళ్ళతిత్తి

మా నాయనమ్మ దీపాలు పెట్టే వేళకు అరుగు మీద కూచుని బైబిలు పైకి చదివేది. మాలపల్లెలో ఆడపిల్లకి చదువేమిటన్న రోజుల్లో పుట్టి, పెళ్ళయ్యాక తాతయ్య దగ్గర అక్షరాలు దిద్దుకున్న మనిషి. అందుకే తాను చదువుతున్నట్టు వీధంతా తెలియాలన్నంత గట్టిగా చదివేది. ఒక్క హాగరు కథ దగ్గర మాత్రం ఆమె గొంతు తగ్గేది.

ఆ కథ తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. అబ్రాహాము భార్య శారా. ఆమెకు పిల్లలు లేరు. తన దాసి హాగరును భర్తకిస్తుంది. హాగరు ఐగుప్తు పిల్ల. ఆమెకు ఇష్మాయేలు పుడతాడు. కొన్నేళ్ళకు శారాకీ ఇస్సాకు పుడతాడు. దాసి కొడుకు తన కొడుకుతో సమంగా వారసుడు కాకూడదని శారా పట్టుబడుతుంది. అబ్రాహాము పొద్దున్నే లేచి కాస్త రొట్టె, ఒక తిత్తి నీళ్ళు హాగరు భుజాన పెట్టి, పిల్లవాణ్ణి అప్పజెప్పి పంపేస్తాడు. ఆమె బెయేర్షెబా అరణ్యంలో దిక్కు తెలియక తిరుగుతుంది. తిత్తిలో నీళ్ళు అయిపోతాయి. పిల్లవాడు చనిపోతుంటే చూడలేక వాణ్ణి ఒక పొద కింద వదిలి, దూరంగా పోయి కూచుని ఏడుస్తుంది.

అరణ్యం అనగానే నా కళ్ళకు మా కొండపల్లి అడవే కనిపించేది. కోట వెనక వరసగా సాగిపోయే ఆ కొండలు, బొమ్మల కోసం కొట్టుకొచ్చే తెల్లపొణికి చెట్లు, వేసవిలో బోడిగా నిలబడే పొదలు. హాగరు అక్కడే ఎక్కడో ఒక పొద కింద పిల్లవాణ్ణి పడుకోబెట్టిందనుకునేదాన్ని. బళ్ళో తెలుగు మాస్టారు చెప్పిన సీత కూడా అక్కడికే వచ్చింది. ఇంట్లోంచి పంపేసిన ఆ ఇద్దరాడవాళ్ళూ చాలా ఏళ్ళు నా ఊహలో ఒకే అడవిలో తిరిగారు.

తెలుగు బైబిలు భాష మీద పరిశోధన మొదలుపెట్టాకే అక్కడ అడవి లేదని తెలిసింది. మూలంలో ఉన్న హీబ్రూ మాట 'మిద్బార్'. దున్నని నేల, విత్తని నేల, వానకు నాలుగు పోచలు మొలిస్తే మందలు మేసే నేల. ఇసుక తక్కువ, రాయీ గులకా ఎక్కువ. పాలస్తీనాకు దక్షిణాన నెగెవు నుంచి సీనాయి ద్వీపకల్పం దాకా పరచుకున్న ఎడారి అది. షూరు, పారాను, సీను అని బైబిల్లో వినబడే పేర్లన్నీ అందులోని తునకలే. మన అనువాదకులు దాన్ని చాలాచోట్ల 'అరణ్యం' అన్నారు. మొదట్లో ఇదొక పొరపాటని నా నోట్సులో రాసుకున్నాను. తరవాత ఆలోచిస్తే అంత పొరపాటేమీ కాదనిపించింది. సంస్కృతంలో 'అరణ' అంటే దూరమైనది, పరాయిది. గ్రామం కానిదంతా అరణ్యమే. చెట్లున్నాయా ఇసుక ఉందా అన్నది తరవాతి మాట. ఊరికి అవతల ఉన్నదా లేదా అన్నదే మొదటి మాట. మరి ఊరికి అవతలగా పెట్టిన పల్లెలో పుట్టిన నాయనమ్మకు ఆ మాట ఎలా వినిపించి ఉంటుంది?

ఊరివాళ్ళకు అవతలిది అయినా, ఆ నేలలో ఇళ్ళున్నవాళ్ళు ఉన్నారు. ఇళ్ళంటే మేకవెంట్రుకలతో నేసిన గుడారాలు. ఇష్మాయేలీయులు, మిద్యానీయులు, కేనీయులు, అమాలేకీయులు అని బైబిలు వాళ్ళను పేరుపేరునా చెబుతుంది. వాళ్ళు గొర్రెల్నీ మేకల్నీ మేపారు. గాడిదల మీద, తరవాతి కాలంలో ఒంటెల మీద సరుకులు మోశారు. యోసేపును అన్నలు అమ్మేసింది సుగంధ ద్రవ్యాలు, గుగ్గిలం, బోళం ఐగుప్తుకు తీసుకుపోతున్న అలాంటి బిడారుకే. కేనీయులు లోహపు పనివాళ్ళని పండితులు అనుకుంటారు. అంటే వీళ్ళు ఊళ్ళ మీద పడి బతికినవాళ్ళు కారు. ఊళ్ళకు కావలసినవి మోసుకొచ్చి, ఊళ్ళలో మిగిలినవి పట్టుకుపోయినవాళ్ళు. ఏ కాలంలో ఏ బావిలో నీళ్ళుంటాయో, ఏ లోయలో గడ్డి మొలుస్తుందో తరతరాలుగా ఎరిగి, దాని వెంట నడిచినవాళ్ళు. దిక్కు తోచక తిరగడం వేరు, దారి తెలిసి తిరగడం వేరు. హాగరు ఆ రోజు చేసింది మొదటిది. ఎడారి మనుషులు వేల ఏళ్ళుగా చేసింది రెండోది. ఊళ్ళో కూచుని చూసేవాళ్ళకు ఈ తేడా కనబడదు.

ఇంకో చిక్కుంది. గుడారాల వాళ్ళు తమ చరిత్ర తాము రాసుకోలేదు. వాళ్ళ గురించి మనకు తెలిసేదంతా గోడల్లోపలి వాళ్ళు రాసి పెట్టుకున్నదే. ఐగుప్తు రాతల్లో ఈ ప్రాంతపు సంచార జనాన్ని 'షాసు' అన్నారు. క్రీస్తుపూర్వం 13వ శతాబ్దం చివరి నాటి ఒక ఐగుప్తు సరిహద్దు ఉద్యోగి పై అధికారికి రాసిన ఉత్తరం ఒకటి దొరికింది. ఎదోము షాసులను కోట దాటనిచ్చాననీ, వాళ్ళూ వాళ్ళ పశువులూ బతకడానికి మడుగుల దగ్గరికి పోనిచ్చాననీ అందులో ఉంది. నీళ్ళ కోసం వచ్చిన మనుషులు చరిత్రలోకి ఒక అనుమతి పద్దుగా ఎక్కారు. క్రీస్తుపూర్వం 8వ శతాబ్దంలో అస్సీరియా రాజులు కప్పాల జాబితాల్లో అరబ్బుల రాణి జబీబె పేరు, ఆ వెంటనే ఇంకో రాణి సంసి పేరు చెక్కించారు. ఎడారి తెగలకు ఆడవాళ్ళు నాయకులుగా ఉన్నారనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? కానీ ఆ రాణులు ఏం మాట్లాడారో ఒక్క మాటా లేదు. వాళ్ళ దగ్గర లాక్కున్న ఒంటెల లెక్క మాత్రం ఉంది.

ఈ లెక్కల రాతలు చదువుతున్నప్పుడల్లా నాకు మా వీధికి వచ్చే ఒకామె గుర్తొస్తుంది. అసలు నేను చెప్పదలచుకున్నది అదే. ఇప్పటిదాకా దాని చుట్టూ తిరిగాను.

సంక్రాంతి వెళ్ళాక, ఇళ్ళలోకి ధాన్యం చేరే రోజుల్లో ఎరుక చెప్పే ఆమె ఒకరు ఏటా వచ్చేది. చంకలో పిల్ల, చేతిలో కర్ర, నెత్తి మీద ఈతాకు బుట్టలు. నాయనమ్మ క్రైస్తవురాలు కనక సోది చెప్పించుకోదు. "ఎరుక నాకొద్దే అమ్మా, నాకు బైబిలుంది. బుట్టెంతో చెప్పు" అనేది. ఆమె నవ్వి, "నీ బైబిలు చెప్పంది నేను చెబుతాగా" అనేది. ఇద్దరూ అరుగు మీద కూచుని తమలపాకులు పంచుకునేవాళ్ళు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒకసారి, ఆమె వచ్చి వెళ్ళిన మర్నాడు వెండిగ్లాసు కనబడలేదు. తాతయ్య బడిపంతులుగా రిటైరైనప్పుడు తోటివాళ్ళు ఇచ్చిన గ్లాసు. మా ఇంట్లో ఉన్న వెండి అదొక్కటే. ఆ సాయంత్రం ఆమె పక్కవీధిలో ఉందని తెలిసి మావాళ్ళు పిలుచుకొచ్చారు. నలుగురూ చుట్టూ నిలబడ్డారు. ఆమె మూట విప్పించారు. రెండు పాతచీరలు, ఒక సత్తు గిన్నె, పిల్ల గౌను, కాస్త పసుపు. బొడ్లో దోపుకున్న చీరకుచ్చెళ్ళు కూడా దులపమన్నారు. అన్నది మగవాళ్ళు కాదు, మా ఇంటి ఆడవాళ్ళే. "అమ్మతోడు, నేను తియ్యలేదమ్మా" అని ఒక్కసారి అంది. తరవాత ఏమీ అనలేదు. ఏమీ దొరకలేదు. దొరక్కపోవడం కూడా ఆమె మీదే నేరమైంది, ఎక్కడో దాచేసిందన్నారు.

అప్పుడు నాయనమ్మ లోపలికెళ్ళి సోలతో బియ్యం తెచ్చి ఆమె సంచిలో పోసింది. "పిల్లతల్లివి, ఏమీ అనబుద్ధి కావటంలా. ఇక ఈ వీధికి రామాకు" అంది. ఆమె బియ్యం తీసుకుని వెళ్ళిపోయింది.

గ్లాసు వేసవిలో బియ్యం డ్రమ్ము అడుగున దొరికింది. పెళ్ళికి ఊరెళుతూ నాయనమ్మే భద్రంగా దాచి మరిచిపోయింది. ఆ రోజు సోల ముంచింది ఆ డ్రమ్ములోనే. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మరుసటి ఏడు సంక్రాంతికి అరుగు మీద కూచుని వీధి మలుపు వైపు చూస్తుండేది. ఆమె రాలేదు. ఆ పై ఏడూ రాలేదు. "వెతుకుదామంటే ఎక్కడని వెతుకుతాం? ఊరా, పేరా?" అనేది నాయనమ్మ. హాగరు కథ దగ్గర ఆమె గొంతు తగ్గడం నేను గమనించింది అప్పటినుంచే. అంతకు ముందెలా చదివేదో నాకు గుర్తులేదు.

మా నాయనమ్మ క్రూరురాలు కాదు. కాదు కనకే ఈ ప్రశ్న నన్ను వదలదు. చిన్నప్పుడు ఊరిబావి గట్టుకు దూరంగా కుండ పెట్టుకుని, ఎవరైనా దయతలచి నీళ్ళు వంచుతారా అని గంటలు నిలబడ్డ మనిషి ఆమె. తనను అనుమానంగా చూసే చూపు ఎలా ఉంటుందో పుట్టుకతో తెలిసిన మనిషి. అయినా ఇంకొకామె కుచ్చెళ్ళు దులిపించడానికి ఆమెకు ఒక్క సాయంత్రం చాలింది. శారా కథా ఇదే కదా. కరువులో ఐగుప్తుకు వలస వెళ్ళినప్పుడు, భర్త ప్రాణభయంతో చెల్లెలని చెప్పగా ఫరో ఇంటికి చేరిన పరాయి స్త్రీ శారా. తర్వాత ఒక ఐగుప్తు పిల్ల తన చేతికింద ఉన్నప్పుడు ఆమెను అంతగా బాధపెట్టింది. దెబ్బ తిన్నవాళ్ళకు దెబ్బ నొప్పి తెలుస్తుందని మనం తరచూ రాస్తుంటాం. తెలుస్తుంది, నిజమే. తెలిసినంత మాత్రాన చెయ్యి ఆగదు.

స్త్రీవాద బైబిలు పండితులు ఈ కథను వదలకుండా పట్టుకున్నారు. ఫిలిస్ ట్రిబుల్ 1984లో 'టెక్స్ట్స్ ఆఫ్ టెర్రర్'లో హాగరును బైబిల్లో హింసకు గురైన స్త్రీల వరసలో పెట్టి చదివింది. దేవుడికి పేరు పెట్టిన మనిషి ఆ గ్రంథంలో హాగరేనని గుర్తుచేసింది. డెలోరెస్ విలియమ్స్ 1993లో 'సిస్టర్స్ ఇన్ ద వైల్డర్‌నెస్'లో నల్లజాతి స్త్రీల బానిస చరిత్రను హాగరులో చూసింది. దేవుడు హాగరును విడిపించలేదు, బతకడానికి దారి చూపాడంతే అని ఆమె నిష్కర్షగా చెప్పింది. నా చిన్ననాటి స్నేహితురాలు ఒకమ్మాయి, కోట దారిలో వాళ్ళిల్లు, తన అమ్మ చెప్పిన హాజిరా కథ నాకు చెప్పేది. హాజిరా నీళ్ళ కోసం సఫా, మర్వా గుట్టల మధ్య ఏడుసార్లు పరుగెత్తింది. ఈనాటికీ మక్కాకు వెళ్ళిన ప్రతి మగవాడూ, రాజైనా సరే, ఒక దాసి వేసిన ఆ అడుగుల్లో నడవాల్సిందే. మా నాయనమ్మ హాగరు, వాళ్ళమ్మ హాజిరా ఒకరేనని తెలిసిన రోజు మేమిద్దరం ఎంత ఆశ్చర్యపోయామో!

కథను ఇక్కడ ఆపేస్తే అందరం కాసేపు ఏడ్చి లేచిపోవచ్చు. అయితే నన్ను పట్టుకున్నది హాగరు కన్నీళ్ళు కాదు, ఆమె భుజం మీది నీళ్ళతిత్తి.

హాగరు కడుపుతో ఉన్నప్పుడు మొదటిసారి పారిపోతుంది. షూరు దారిలో ఊట దగ్గర దూత కనబడి, పుట్టబోయే కొడుకు అడవిగాడిద లాంటి మనిషవుతాడనీ, అతని చెయ్యి అందరి మీదా, అందరి చేతులు అతని మీదా ఉంటాయనీ చెబుతాడు. దీన్ని స్వేచ్ఛకు దీవెనగా చదివేవాళ్ళున్నారు. నాకు మాత్రం పుట్టకముందే ఒక జాతి మీద తెరిచిన పోలీసు రికార్డులా వినిపిస్తుంది. మన దేశంలో ఆ రికార్డును చట్టం చేశారు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాల్లో పుట్టుకే నేరమంది. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. అందులో ఎరుకలవాళ్ళు చిక్కుకున్నారు. వాళ్ళు ఎవరు? కోస్తా ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద మెట్టప్రాంతాలకు మోసి, అక్కణ్ణించి ధాన్యం తెచ్చినవాళ్ళు. బుట్టలల్లినవాళ్ళు. వాళ్ళ ఆడవాళ్ళు ఎరుక చెప్పేవాళ్ళు కనక 'ఎరుకల' అన్న పేరే వచ్చిందంటారు. ఎరుక అంటే జ్ఞానం. ఆడవాళ్ళ జ్ఞానం మీద ఒక జాతికి పేరు రావడం ఎంత అరుదు! రైళ్ళు వచ్చి, ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం వచ్చి వాళ్ళ వ్యాపారాన్ని ఎలా చంపేశాయో మీనా రాధాకృష్ణ 2001లో 'డిజానర్డ్ బై హిస్టరీ'లో వివరంగా రాసింది. ముందు దారి మూసేశారు. తరవాత, దారి మీద ఎందుకున్నావని నేరం మోపారు.

అలా పట్టుకున్నవాళ్ళను సంస్కరించే పని సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. 1910ల్లో కృష్ణకు అవతల సీతానగరంలో, బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో సెటిల్‌మెంట్లు వెలిశాయి. స్టూవర్టుపురానికి మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. పాస్ లేకుండా బయటికి పోకూడదు. హాజరు వేయించుకోవాలి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ఉంచే అధికారం కూడా చట్టంలో ఉంది. స్టూవర్టుపురం మనుషులు చీరాల పొగాకు కంపెనీకి చవక కూలీలయ్యారని మీనా రాధాకృష్ణ చూపించింది. అదే సెటిల్‌మెంటులో బడి ఉంది, వైద్యం ఉంది, ఆదివారం బైబిలు పాఠం కూడా ఉంది.

ఏ బైబిలు? అబ్రాహాము గుడారాల్లో బతికాడని, అదే అతని విశ్వాసమని మెచ్చుకునే బైబిలు. మోషే మామ మిద్యాను యాజకుడు, భార్య సిప్పోరా మిద్యాను పిల్ల. యెహోవా పేరు కూడా మొదట ఈ ఎడారి సంచారుల దగ్గరే పుట్టిందేమోనని కొందరు చరిత్రకారుల ఊహ. క్రీస్తుపూర్వం 14వ శతాబ్దం నాటి ఐగుప్తు శాసనం ఒకటి షాసుల నేలల్లో ఒకదాన్ని అలాంటి పేరుతోనే పిలుస్తుంది. ఇళ్ళు కట్టం, విత్తనం వెయ్యం, గుడారాల్లోనే ఉంటామన్న రేకాబీయులను యిర్మీయా ప్రవక్త యెరూషలేము పట్నవాసులకు ఆదర్శంగా చూపిస్తాడు. అంత గుడారాల పుస్తకం పట్టుకొచ్చినవాళ్ళు గుడారాల మనుషుల్ని కంచె లోపల కూర్చోబెట్టి దాన్ని బోధించారు. తాతల గుడారం పవిత్రం, ఎదుట కనబడే గుడారం నేరం.

ఈ వైరుధ్యం మిషనరీలతో మొదలైంది కాదు, ఆ పుస్తకంలోనే ఉంది. సిప్పోరా జాతి అయిన మిద్యాను మీదే మోషే యుద్ధం ప్రకటిస్తాడు. సైనికులు ఆడవాళ్ళను బతకనిచ్చారని కోప్పడతాడు. సంఖ్యాకాండం 31వ అధ్యాయంలో చెరపట్టిన కన్యల లెక్క గొర్రెల, గాడిదల లెక్కతోపాటు ఉంటుంది. 32,000. ఇంట్లో ఒక మిద్యాను స్త్రీ ఉండగా ఆ ఆజ్ఞ ఇవ్వడం ఎలా సాధ్యమైంది? సిప్పోరా అప్పుడేమనుకుందో రాసినవాళ్ళు లేరు.

నన్ను కలవరపెట్టే ప్రశ్న ఇది. హాగరును ఇంట్లోంచి వెళ్ళగొట్టారు. ఎరుకలవాళ్ళను కదలకుండా ఒకచోట నిలబెట్టారు. పైకి ఒకదానికొకటి వ్యతిరేకం. కానీ రెండింటిలోనూ ఒక మనిషి ఎక్కడుండాలో ఇంకో మనిషే తేల్చాడు. రెండింటిలోనూ నీళ్ళతిత్తి ఉంది. అబ్రాహాము ఇచ్చిన రొట్టే నీళ్ళూ, సెటిల్‌మెంటు ఇచ్చిన బడీ మందులూ, మా నాయనమ్మ పోసిన సోలెడు బియ్యం. వీటిలో ఏదీ అబద్ధపు దయ కాదు. అబ్రాహాముకు బాధ కలిగిందని కూడా కథలో ఉంది. కానీ ఆ దయ పుచ్చుకునే మనిషి కోసం కాక, ఇచ్చే మనిషి రాత్రి నిద్రపోవడం కోసం ఉంటుంది. అన్యాయం చేస్తూ చేతిలో ఏదో ఒకటి పెడితే అన్యాయం చేసినట్టుండదు. ఆ తిత్తి ఎంతసేపు వస్తుందని అడిగే బాధ్యత మాత్రం మనకుండదు.

ఇక్కడ మీరు నన్ను ఆపవచ్చు. సంచారాన్ని మరీ అందంగా చూపిస్తున్నావు, దారి పక్కన ప్రసవించడం, వానలో పిల్లల్ని కప్పుకోవడం, ఊరూరా మగవాళ్ళ చూపులు భరించడం నీకేం తెలుసు అనవచ్చు. సరైన మాటే. ఎడారిలో హాగరు ఉండాలనుకుని ఉండలేదు. ఇవాళ సంచార జాతుల ఆడవాళ్ళు అడుగుతున్నవి ఇంటిపట్టా, రేషన్ కార్డు, పిల్లలకు కుల ధ్రువీకరణ పత్రం. నేనూ స్థిరంగా ఒకచోట ఉన్న బడివల్లే ఈ నాలుగక్షరాలు రాస్తున్నాను. కాబట్టి తిరగడం మంచిదా ఉండడం మంచిదా అన్నది నా ప్రశ్న కాదు. ఎవరు తేల్చారు, తేల్చినదాన్ని కాదని వెళ్ళే వీలు ఉందా, ఇవే నా ప్రశ్నలు. ఇల్లు కావాలని అడిగినామెకు ఇల్లివ్వడం న్యాయం. గేటు కాపలాతో ఇల్లివ్వడం జైలు. ఆడవాళ్ళకు ఈ తేడా కొత్తగా చెప్పక్కర్లేదు. ఇల్లు మన రక్షణ కోసమేనని వింటూ పెరిగినవాళ్ళమే కదా మనమంతా. ఇల్లు దాటిన సీత కనిపించే ఓల్గా కథల పుస్తకానికి పెట్టిన పేరు 'విముక్త'. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయ్యాక ఎరుకల లాంటివాళ్ళకు వచ్చిన పేరూ 'విముక్త జాతులు'. ఒకే మాట రెండుచోట్ల పలుకుతున్నా మనం ఆ రెంటినీ ఒకేచోట పెట్టి ఎన్నిసార్లు మాట్లాడుకున్నాం?

చట్టం పోయినా చూపు పోలేదు. సంచార జాతివాళ్ళు పారిపోయే స్వభావం గలవాళ్ళన్న అర్థం వచ్చే నిబంధనలు కొన్ని రాష్ట్రాల జైలు మాన్యువళ్ళలో ఈ మధ్యదాకా ఉన్నాయి. జర్నలిస్టు సుకన్య శాంత వేసిన కేసులో 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్ళలో ఇలాంటి కులవివక్ష చెల్లదని తీర్పు చెప్పాల్సి వచ్చింది. స్టూవర్టుపురం పేరు సినిమాకు ఇంకా దొంగల ఊరే.

ఈ ఆలోచనలతో రెండేళ్ళ కిందట ఒక సదస్సులో పత్రం చదివాను. నాయనమ్మ సంగతి చెప్పి, చిరునామా లేని మనిషికి క్షమాపణ ఎలా చెప్పాలి అని ముగించాను. చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తృప్తిగా దిగాను. టీ దగ్గర ఒక విద్యార్థిని వచ్చి నిలబడింది.

"మేడమ్, మాది ఎరుకల కుటుంబం. మా తాతమ్మ సెటిల్‌మెంటులో రోజూ హాజరు వేయించుకున్న మనిషి. అమ్మమ్మ బుట్టలమ్మింది. మాకు చిరునామా లేకపోవడమేంటి? మా అంత వివరంగా చిరునామా రాసి పెట్టుకున్నది ఎవరిది? మీవాళ్ళు అడగలేదు, అంతే."

నాకు జవాబు రాలేదు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. మా వీధికి వచ్చినామె ఏటా అదే నెలలో, అదే దారిన వచ్చేది. అన్నేళ్ళు తమలపాకులు పంచుకుని మీదే ఊరని నాయనమ్మ అడగలేదు, నేనూ అడగలేదు. చుట్టుపక్కల నాలుగూళ్ళలో విచారిస్తే తెలిసేది. చిరునామా లేకపోవడం ఆమె లోపంగా రాసుకుని, దాని మీద ఒక వ్యాసం, ఒక ప్రశ్న, కాసిని చప్పట్లు సంపాదించుకున్నాను. నా పత్రం కూడా ఒక నీళ్ళతిత్తే అయింది.

ఆ అమ్మాయి వెంట ఒక ఆదివారం బ్యారేజీ దాటి వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మమ్మ మంచం మీద కూచుని ఉంది. మా వీధికి వచ్చినామె ఆమె కాదు, ఆమెకు తెలిసినామె కూడా కాదు. అయినా అంతా చెప్పాను. బియ్యం సంగతి చెప్పినప్పుడు ఆపింది.

"బియ్యం ఎవరేశారో మాకు గుర్తుండదమ్మా. అందరూ వేస్తారు. మూట ఎవరిప్పించారో గుర్తుంటది."

కాసేపాగి, "మీ నాయనమ్మ బతికుంటే నువ్వు కాదు, ఆమె రావాల" అంది. నాయనమ్మ పోయి పదకొండేళ్ళయిందని చెప్పాను. "అయితే నువ్వే రావాల్లే" అని మనవరాలిని టీ పెట్టమంది.

విజయవాడ వాళ్ళకు ఇందులో కొత్తేమీ ఉండకూడదు. జాషువా కూతురు హేమలతా లవణం, ఆమె భర్త లవణం 1970ల్లో స్టూవర్టుపురం ఇళ్ళకు వెళ్ళి కూచున్నారు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడు పుట్టాడని ఆయనకు ఆ పేరు. ఉప్పు మోసి బతికిన మనుషుల గడపలోకి ఆ పేరుతో వెళ్ళడం అనుకోకుండా జరిగిందే అయినా నాకు బాగా నచ్చుతుంది.

ఈ మధ్య ఆదికాండం మళ్ళీ తీశాను. నాయనమ్మ ఎప్పుడూ గట్టిగా చదవని వాక్యాలు కొన్ని కనబడ్డాయి. తనను చూసే దేవుడని పేరు పెట్టి హాగరు నిలబడిన బావి బెయేర్ లహాయిరోయి. అది కాదేషుకూ బెరెదుకూ మధ్య ఉందని పుస్తకం సరిహద్దులతో సహా చెబుతుంది. వెళ్ళగొట్టినామెకు చిరునామా మొదటినుంచీ రాసే ఉంది. శారా అక్కడికి వెళ్ళలేదు. అబ్రాహామూ వెళ్ళలేదు. అబ్రాహాము చనిపోతే ఇస్సాకు, ఇష్మాయేలు ఇద్దరూ కలిసి పాతిపెడతారు. ఆ తరవాత శారా కొడుకు ఇస్సాకు వెళ్ళి కాపురముండేది ఆ బావి దగ్గరే. ఎందుకు వెళ్ళాడో, అక్కడ ఎవరైనా అతన్ని రానిచ్చారో లేదో ఆదికాండం చెప్పదు. ఎవరి కోసం తన అన్ననూ అన్న తల్లినీ ఎడారిలోకి పంపారో, ఆ పిల్లవాడు పెద్దవాడై ఆ నీళ్ళ దగ్గరికే వెళ్ళాడు, అంతవరకు ఉంది.

వెండిగ్లాసు నా దగ్గరే ఉంది. ఆ అమ్మమ్మకు ఇవ్వబోతే తీసుకోలేదు. "అది నాది కాదుగా" అంది. వచ్చే సంక్రాంతి వెళ్ళాక మైలవరం వైపు ఊళ్ళలో విచారించాలని ఆ అమ్మాయీ నేనూ అనుకున్నాం.